అక్షరానికో బెల్లం ముక్క

ఆరేళ్లుగా మూడు అంకెలు మోస్తున్నాను. గంపైతే ఎక్కడో ఒకచోట దించి మెడ రాసుకుంటాం. ఇది దిగదు. బస్సులో కూర్చున్నా, బియ్యం కడుగుతున్నా, చర్చి గంట దూరంగా వినపడినా అది నా మీదే ఉంటుంది. అలిసిపోయాను. అందుకే రాస్తున్నాను, ధైర్యం వచ్చి కాదు.

చెప్పాల్సిన మనిషి ఒకరున్నారు. ఆమెకి చెప్పలేక ముందు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలీదు. నా ముఖం మీకు తెలీదు. అందుకే చెయ్యి కదులుతోంది.

నా పేరు రాయను. రాయడం రాక కాదు. నలభై తొమ్మిదో ఏట నేర్చుకున్నాను. అంతకు ముందు వేలిముద్ర. నాకు పేరు రాయడం నేర్పిన మనిషికే నేను ఈ తప్పు చేశాను. చదివేవాళ్లకి ఇది తెలిస్తే చాలు.

ఆమెని నేను టీచరమ్మ అనేదాన్ని. పాతూళ్లో పూర్ణా మార్కెట్ వెనక సందులో, మేడ లేని పెంకుటింట్లో ఉండేవారు. ముప్పై ఏళ్లకి పైగా రెండో తరగతి పిల్లలకి చదువు చెప్పి రిటైరయ్యారు. భర్త ముందే పోయారు. ఒక్కతే కూతురు, సుధమ్మ. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. టీచరమ్మకి షుగరు. ఒంటరిగా ఉండకూడదని సుధమ్మ నన్ను పెట్టుకుంది. అప్పటికి మా ఆయన పోయి ఏడాది. ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసి చేసి ఊపిరి సరిపోక పోయారు. నేను గాజువాక నుంచి పొద్దున్నే బస్సెక్కి, పోర్టు రోడ్డు మీద బొగ్గు దుమ్ము మింగుకుంటూ వచ్చి, సాయంత్రం దాకా ఉండి వెళ్లేదాన్ని.

నాకు చదువు రాదని ఆమెకి తెలియడానికి వారం పట్టింది. పప్పు డబ్బా మీద చీటీ అంటించి ఉంటే, నేను మూత తీసి వాసన చూశాను. ఆమె చూశారు. మర్నాడు చర్చి వాళ్లిచ్చిన పాత క్యాలెండరు కాయితం తిరగేసి, వెనక తెల్లటి వైపు పెద్ద అక్షరాలు నాలుగు రాశారు. గాజువాక. "రోజూ ఎక్కే బస్సు. మొదట ఇది నేర్చుకో. 'అ' తరవాత చూద్దాం" అన్నారు.

ఆ సాయంత్రం బస్టాపులో ఎవర్నీ అడక్కుండా బస్సెక్కాను. ఎంత సంతోషమంటే, టిక్కెట్టు తీసుకోవడం మర్చిపోయాను. కండక్టరు తిట్టాడు. ఆ తిట్టు కూడా తియ్యగానే ఉంది.

ఇక్కడి నుంచి తప్పు మొదలవుతుంది. మొదట్లో అది తప్పులా కనపడలేదు.

రెండో వారం 'అ' దిద్దుతున్నాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు మీంచి నన్ను చూసి అన్నారు.

"ఏటే పిల్లా, చదువు ఊరికే వచ్చేస్తాదనుకున్నావా? గురుదక్షిణేదీ?"

యాభైకి దగ్గరపడిన నన్ను ఆమె పిల్లా అనేవారు. నాకు నవ్వొచ్చింది.

"ఏటి కావాలండి టీచరమ్మా?"

"బెల్లం ముక్క. ఇంత." చిటికెన వేలి గోరు చూపించారు.

"మీకు సుగరు కదండీ. సుధమ్మ నన్ను సంపేత్తాది."

"నాకు షుగరు. నీకు చదువు రాదు. ఇద్దరికీ చెరో జబ్బు. నీది నేను నయం చేస్తన్నానా లేదా?"

ఆమెది ఎలమంచిలి వైపు పల్లె. బెల్లం వండే పెనాల పక్కన పెరిగిన మనిషి. ఎర్ర బెల్లం, నల్ల బెల్లం, పోసి ఎన్నాళ్లయిందో వాసనతో చెప్పేవారు. సుధమ్మ ఇంట్లో పంచదార పలుకన్నది లేకుండా చేసింది. సరే, గోరంత ముక్క ఏం చేస్తుందిలే అనుకున్నాను. మర్నాడు మార్కెట్లో కొని, కొంగున కట్టి తెచ్చాను. 'అ' వచ్చిన రోజు ఒక ముక్క. 'ఆ' వచ్చిన రోజు ఒక ముక్క.

అక్షరానికో ముక్క. మా ఇద్దరి మధ్య పడిన కట్టు అది. మీకు నవ్వొస్తుందేమో. మేమూ నవ్వుకున్నాం. అక్షరాలు అయ్యేసరికి ఏడాది పట్టింది, నా చెయ్యి మొద్దు. గుణింతాల్లోకి వచ్చేసరికి ముక్క బొటనవేలంత అయింది. వత్తుల దగ్గర ఇంకా పెద్దదైంది. వత్తు కష్టం కదా, దక్షిణ ఎక్కువ అనేవారు.

ఆమె అడిగారు కాబట్టి ఇచ్చానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అడిగిన మాట నిజం. కానీ మార్కెట్టుకి వెళ్లిన కాళ్లు ఎవరివి? కొంగు ఎవరిది? ఇంకో మాట కూడా ఉంది, అది చెప్పడం ఇంకా కష్టం. బెల్లం తిన్న రోజు ఆమె ఓపిగ్గా చెప్పేవారు. పది సార్లు తప్పు రాసినా పదకొండోసారి చెప్పేవారు. బెల్లం లేని రోజు విసుక్కునేవారు, తల నొప్పనేవారు, పడుకునేవారు. నాకు చదువు కావాలి. ఆమె ఓపిక నాకు కావాలి. నేను ఇచ్చింది దక్షిణ కాదేమో. లంచమేమో.

ఆమె బడిలో ఒక పద్ధతి ఉండేది. నాకూ అదే పెట్టారు. తప్పు రాస్తే దాన్ని గీకి నల్లగా చెయ్యకూడదు. "తప్పు కనపడాలి పిల్లా. ఒక్క గీత గియ్యి. పక్కన సరైంది రాయి. చెరిపేస్తే మళ్లీ అదే తప్పు రాస్తావు." నేను చెరిపేదాన్ని. ఆమె వేలితో బల్ల మీద కొట్టేవారు. నేను తప్పు చదివినా అంతే, టక్కున ఒక దెబ్బ బల్ల మీద.

రోజూ పరగడుపున ఆమె వేలు గుచ్చి, మిషన్‌లో వచ్చిన అంకె నీలం అట్ట నోటు పుస్తకంలో రాయడం నా పని. అంకెలు నాకు ముందే తెలుసు, డబ్బులు లెక్కపెట్టడం వల్ల. రాయడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. శనివారం ఆ పేజీ ఫోటో తీసి సుధమ్మకి పంపాలి. మొదట్లో ఉన్నదున్నట్టు రాశాను. తరవాత అంకెలు పెరగసాగాయి. నూట అరవై, నూట ఎనభై. సుధమ్మ ఫోన్లో, "ఎందుకు పెరుగుతోంది అప్పా? అన్నం తగ్గించండి" అనేది. నన్ను సొంత అక్కని పిలిచినట్టు అప్పా అంటుంది. ఆ పిలుపు వినపడితే కొంగులో బెల్లం బరువు తెలిసేది.

ఒక రోజు బస్సు ఆలస్యమైంది. నేను వచ్చేసరికే ఆమె టిఫిను తినేశారు. వేలు గుచ్చి లాభం లేదు. పేజీ ఖాళీగా పంపితే సుధమ్మ అడుగుతుంది. నూట ఇరవై రెండు అని రాశాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ అంకె, నా చేతిలోంచి వచ్చింది. సుధమ్మ సంతోషించింది. "చూశారా, మీరు శ్రద్ధ పెడితే తగ్గుతుంది. మీ చేతిరాత కూడా ఎంత బాగుందో" అంది.

నా చేతిరాత బాగుందని నాకు ఎవరు చెబుతారు? పుట్టినప్పటి నుంచి ఎవరు చెప్పారు? ఆ మాటకి నేను పొంగిపోయాను. తరవాత వారంలో రెండు రోజులు గుచ్చడం మానేశాను. టీచరమ్మ కూడా వేళ్లు నొప్పి అనేవారు. తరవాత నాలుగు రోజులు. పేజీ నిండా నూట పదిహేనులు, నూట ముప్పైలు. గుండ్రంగా, వరుసగా. నేర్చుకున్న చదువుతో నేను మొట్టమొదట సొంతంగా రాసింది ఉత్తరం కాదు, పేరు కాదు. అబద్ధం.

ఆ రోజుల్లోనే ఆమె మర్చిపోవడం మొదలైంది. ఉప్పు రెండుసార్లు వెయ్యడం. అన్నం తిన్నావా అని గంటలో మూడుసార్లు నన్ను అడగడం. పెద్దతనం అనుకున్నాం. అనుకోవడం నాకు తేలిక.

ఒక పొద్దున తలుపు తీసి నన్ను చూసి, "ఎవరమ్మా?" అన్నారు. నేను నవ్వాను. ఆమె కూడా ఒక్క క్షణం ఆగి నవ్వారు. ఆటకి అన్నట్టు నవ్వారు. కానీ ఆ ఒక్క క్షణం నేను చూశాను. అందులో ఆట లేదు. నాకు భయం వేసింది. చాలా రోజుల తరవాత ఆ వేళ మిషన్ బయటికి తీసి వేలు గుచ్చాను.

మూడు వందల ముప్పై ఏడు.

నోటు పుస్తకం తెరిచాను. పెన్ను పట్టుకున్నాను. మూడంటే ఏమిటో తెలీని దాన్ని కాదు. ఎల్లుండి శనివారం. ఇది చూస్తే సుధమ్మ వచ్చేస్తుంది. ఇంట్లో వెతుకుతుంది. వెనక గదిలో పాత పుస్తకాల మధ్య బెల్లం పొట్లం దొరుకుతుంది. నన్ను మానిపించి వాళ్లమ్మని విజయవాడ తీసుకుపోతుంది. నాకు అప్పటికి వత్తులు సగమే వచ్చాయి. ఒక ఉత్తరం మొత్తం ఇంకా రాయలేదు. ఇదీ నా ఆలోచన. ఆమె ప్రాణం గురించి ఆలోచించానా అని ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్నాను. ఆలోచించే ఉంటాను. కానీ ముందు వచ్చిన ఆలోచన వత్తుల గురించే. అది నాకు బాగా గుర్తు.

మూడుకి బదులు ఒకటి రాశాను. 137. ఒక నిలువు గీత, అంతే. 'అ' రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ గీతకి ఊపిరి పీల్చినంత సేపు పట్టలేదు.

ఆ తరవాత నెలలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మూడు నెలల షుగరు చెప్పే రక్తపరీక్ష చేశారు. ఆయన ఆ కాయితం ఒక చేత్తో, నా నోటు పుస్తకం ఒక చేత్తో పట్టుకుని చాలాసేపు చూశారు.

"రోజూ పరగడుపునే చూస్తున్నావా అమ్మా?"

"సూత్తన్నానండి."

"రాసేది నువ్వేనా?"

"నానేనండి. టీచరమ్మే నేర్పారండి."

"ఇక్కడ చూస్తే ఇంత బాగుంది. రక్తం చూస్తే మూడు నెలలుగా బాగా ఎక్కువున్నట్టు చెబుతోంది. రెండింట్లో ఏదో ఒకటి తప్పు. ల్యాబు తప్పో, మీ మిషన్ తప్పో. ఈసారి మిషన్ పట్టుకుని రా. అందులో పాత అంకెలన్నీ ఉంటాయి."

"మిషన్లోన ఉంటాయాండి?"

"ఉంటాయి. మనం మర్చిపోయినా అది మర్చిపోదు."

టీచరమ్మ నవ్వారు. "అలాగైతే నా బదులు దాన్ని బడికి పంపుదుమే పిల్లా" అన్నారు. డాక్టరు కూడా నవ్వారు. ఆయన మూడో తప్పు సంగతి తలచుకోలేదు. ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడిన దాన్ని అనుమానించలేదు.

అప్పుడు చెప్పి ఉంటే? ఆ గదిలో, ఆ నిమిషంలో? నోరు తెరిచాను కూడా. "వెళ్లొస్తామండి" అన్నాను.

మర్నాడు స్నానాలగదిలో నీళ్ల బకెట్లో ఆ మిషన్ ముంచాను. జారి పడిందని సుధమ్మకి చెప్పాను. జారలేదు. చేత్తో పట్టుకుని, నీళ్లలో అడుగు దాకా నొక్కి, బుడగలు ఆగేదాకా అలాగే పట్టుకున్నాను. పక్క గదిలో టీచరమ్మ కళ్లజోడు ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటున్నారు. కళ్లజోడు ఆమె కళ్లకే ఉంది. ఆ ఇంట్లో జరిగిందంతా గుర్తున్నది ఒక్క ఆ మిషన్‌కే. దాన్ని నేను ముంచేశాను.

సుధమ్మ కొత్త మిషన్ పంపింది. ఆ రోజు నుంచి నిజం రాశాను. బెల్లం ఆపేశాను. ఆమె చిన్నపిల్లలా నా కొంగు పట్టుకుని వెతికేవారు. కొత్త అంకెలు చూసి డాక్టరు మందు పెంచారు, తరవాత ఇన్సులిన్ పెట్టారు. ఉన్నట్టుండి ఎందుకింత పెరిగిందో అంతుపట్టడం లేదన్నారు. ఉన్నట్టుండి పెరగలేదని తెలిసిన మనిషి ఇన్సులిన్ సీసా చేతిలో పట్టుకుని ఆ గదిలోనే నిలబడి ఉంది.

చదువు మాత్రం ఆపలేదు. మధ్యాహ్నాలు ఆమె బైబిలు నేనే చదివి వినిపించేదాన్ని. ఒక రోజు ఒక మాట తప్పు చదివాను. బల్ల మీద దెబ్బ కోసం ఆగాను. పడలేదు. చూశాను. ఆమె తల ఊపుతున్నారు, బాగుంది చదువు అన్నట్టు. కావాలని ఇంకో తప్పు చదివాను. దానికీ తల ఊపారు. ఆ వేళ నేను పుస్తకం మూసి, వెనక పెరట్లోకి వెళ్లి చాలాసేపు అంట్లు తోమాను. తోమినవే తోమాను.

కొన్నాళ్లకి ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆమె దారి తప్పారు. నలభై ఏళ్లు నడిచిన దారి. మార్కెట్లో నిమ్మకాయలమ్మే ఆమె పక్కన కూర్చుని, ఎవరైనా వచ్చి తీసుకెళ్తారని చూస్తున్నారు. సుధమ్మ ఆ రాత్రి బండికే బయల్దేరి వచ్చింది. డాక్టరు ఆమెకి చెబుతుంటే నేను వెనక నిలబడి విన్నాను. మాది గాజువాక అని తెలుసు కాబట్టి, నాకూ అర్థం కావాలని ఉక్కు ఫ్యాక్టరీ పోలిక తెచ్చారు. ఒంట్లో ప్రతి కణం ఒక చిన్న కార్ఖానా లాంటిదట. షుగరు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే, దానికి మోయలేనంత పని మీద పడుతూనే ఉంటుందట. సగం సగం తయారైన సరుకు లోపలే పేరుకుపోతుందట. కొన్నాళ్లు ఎలాగో లాక్కొస్తుందట. తరవాత అలిసిపోయి మూతపడుతుందట. మెదడులో అలా మూతపడినవి మళ్లీ తెరుచుకోవడం కష్టమట.

నేను మా ఆయన్ని తలచుకున్నాను. డ్యూటీ మీద డ్యూటీ వేసి, ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా గోడకి ఆనుకుని కూర్చుండిపోయేవారు. అలాంటి మనుషులు లక్షల మంది ఆమె తలలో. వాళ్ల మీదకి నేను రోజూ బెల్లం ముక్క ముక్కగా పని పంపాను. ఇక చాలు అని వాళ్లు వేసిన కేక ఆ మూడంకెలు. దాన్ని నేను దిద్దాను.

"వయసు కూడా ఉంది. షుగరు ఒక్కటే కారణమని చెప్పలేం" అన్నారు డాక్టరు. ఆ మాట పట్టుకుని కొన్నాళ్లు బతికాను. వయసుది ఎంత, నాది ఎంత? సగమా? పాతికా? ఎవరూ చెప్పలేరు. నా వంతు ఇంత అని తెలిస్తే అంతే మోసేదాన్ని. తెలీదు కాబట్టి మొత్తం మోస్తున్నాను.

సుధమ్మ వాళ్లమ్మని తీసుకెళ్లిపోయింది. నీలం అట్ట నోటు పుస్తకం నాకిచ్చి, "మీ చేతిరాత అప్పా, మీరే ఉంచుకోండి" అంది. నాలుగేళ్లు అక్కడ ఉండి, టీచరమ్మ పోయిన ఏడాది కన్నుమూశారు. చివర్లో అక్షరాలేవీ ఆనవాలు పట్టలేదట. పేపరు ఇస్తే తలకిందులుగా పట్టుకునేవారట. నేను చదవడం నేర్చుకోక ముందు ఎలా పట్టుకునేదాన్నో అలాగ.

ఇవన్నీ ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన వారం సుధమ్మ ఫోను చేసింది. ఏడాది ప్రార్థన ఇక్కడి చర్చిలోనే పెట్టారు, వచ్చే ఆదివారం. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు తలో పేజీ రాస్తే చిన్న పుస్తకం వేస్తారట. "అమ్మ చివరి స్టూడెంటు మీరే అప్పా. మీ పేజీ లేకపోతే ఎలా?" అంది. తరవాత తనే మళ్లీ, "ముందే తీసుకొచ్చేసుంటే అమ్మ అలా అయ్యేది కాదు. ఉద్యోగం ఉద్యోగం అని నేనే పట్టించుకోలేదు. అక్కడికీ మీరున్నారు కాబట్టి సరిపోయింది" అంది.

ఈ మాట ఆమె మొదటిసారి అనలేదు. ఫోను చేసిన ప్రతిసారీ అంటుంది. ప్రతిసారీ నేను, "ఊరుకోండి సుధమ్మా, మీరేటి సేత్తారు" అంటాను. నా గంప ఆమె తల మీద ఉంది. నేను పక్కన నడుస్తూ ఊరుకో ఊరుకో అంటున్నాను.

ఆ పేజీ రాయడానికి మూడు మధ్యాహ్నాలు కూర్చున్నాను. "టీచరమ్మ చాలా మంచివారు" అని రాశాను. దాని కింద ఇంకేమీ రాలేదు. నాలుగో మధ్యాహ్నం ఇది వచ్చింది.

దీన్నే ఆదివారం సుధమ్మ చేతికి ఇస్తాను. పుస్తకంలో వెయ్యడానికి కాదు, ఆమె చదవడానికి. చదివాక ఆమె నన్ను అప్పా అనదు. చర్చి మెట్ల మీదే అందరి ముందూ అడుగుతుందేమో. అడగనీ. క్షమించమని ఇందులో ఎక్కడా రాయలేదు. ఆ మాటలో వత్తు ఉంది, రాయడం వచ్చు. అడగడానికి నోరు రావడం లేదు, అంతే. ఇది రాసినంత మాత్రాన టీచరమ్మకి ఒక్క అక్షరం కూడా తిరిగి రాదు. అదీ తెలుసు.

ఇప్పుడే నీలం అట్ట నోటు పుస్తకం తీశాను. ఆ రోజు పేజీ వెతకక్కర్లేదు, పుస్తకం దానంతటదే అక్కడ తెరుచుకుంటుంది. 137. గీకలేదు. నల్లగా చెయ్యలేదు. ఆమె చెప్పినట్టే దాని మీద ఒక్క గీత గీశాను. పక్కన 337 అని రాశాను.

తప్పు కనపడుతోంది.